ఆర్గన్ వెనక గాలి తాత

మా తాతయ్యని వీధిలో అందరూ గాలి తాత అనేవారు. ఆ పేరు విన్న కొత్తవాళ్ళు ఈయనెవరో పనీపాటా లేకుండా తిరిగే మనిషి అనుకునేవారు. నిజానికి ఆయనంత కుదురుగా ఒకచోట కూర్చున్న మనిషిని నేనింతవరకు చూడలేదు. వారమంతా సందు మొదట్లో ఉన్న పంక్చర్ షాపులో సైకిళ్ళకీ, తోపుడు బళ్ళకీ, చక్రాల కుర్చీలకీ గాలి కొట్టేవాడు. ఆదివారం చర్చిలో గొట్టాల ఆర్గన్‌కి గాలి కొట్టేవాడు. గాలిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి పంపించడమే ఆయన జీవితమంతా చేసిన పని. అదీ ఒక పనేనా అంటారా, ఒక్క నిమిషం ఊపిరి బిగబట్టి చూడండి, తెలుస్తుంది.

షాపు అంటే పెద్దగా ఊహించుకోకండి. మనిషి కాళ్ళు చాపుకుంటే ఎదుటి గోడ తగిలే గది. గోడ నిండా మేకులు, మేకులకి పాత ట్యూబులు, మూలన నీళ్ళ తొట్టి, గుమ్మం పక్కన చేతి పంపు. ఆ పంపు పిడి ఆయన అరచేతుల్లో అరిగి అరిగి నున్నగా మెరిసేది. ట్యూబు ఎక్కడ కారుతోందో తెలియాలంటే అందరూ నీళ్ళలో ముంచి బుడగల కోసం చూస్తారు. తాతయ్య ముందు దాన్ని చెంప దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, మెల్లగా తిప్పేవాడు. గాలి చెంపకి తగలగానే ఆయన ముఖంలో ఒక ఆశ్చర్యం కనిపించేది, ఎవరో చెవి దగ్గరకొచ్చి పేరు పెట్టి పిలిచినట్టు. పనుల మీద వెళ్ళేవాళ్ళు "కానీ తాతా, కానీ" అని విసుక్కునేవారు. ఆయన తొందరపడితే కదా.

"చూడు అమ్మలూ," అనేవాడు నాతో. "కంటికి కనపడదు. పట్టుకుందామంటే చేతికి చిక్కదు. బస్తాలకి బస్తాలు మాత్రం మోసేస్తుంది. ఏమనుకోవాలి దీన్ని?"

ఈ మాట ఆయన నాతో ఎన్నిసార్లు అన్నాడో లెక్క లేదు. ప్రతిసారీ అప్పుడే కనిపెట్టినట్టు అనేవాడు. వింటున్నవాళ్ళకి పాతబడిపోయింది గానీ ఆయనకి ఎప్పుడూ పాతబడలేదు. అమ్మమ్మ లోపల్నుంచి వస్తూ, "పెళ్ళికి ముందు కూడా ఇవే గాలి కబుర్లు. అవి విని నేను బుట్టలో పడ్డాను" అనేది. తాతయ్య నవ్వి ఊరుకునేవాడు.

అమ్మమ్మ వేరే రకం మనిషి. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ మార్కెట్లో కూరగాయల దుకాణం నడిపింది. తూకం రాళ్ళతో పెరిగిన చెయ్యి ఆమెది. ఏ మాటనైనా ఒకసారి ఎత్తి చూసి, బరువుంటేనే పక్కన పెట్టుకుంటుంది, లేకపోతే వెనక్కిచ్చేస్తుంది. ఇలాంటి మనిషి అలాంటి మనిషితో అన్నేళ్ళు ఎలా కాపురం చేసిందని మా మావయ్య అడిగితే, "ఆయన చెప్పేది గాలి గురించే అయినా, గాలి మాట ఒక్కటీ చెప్పలేదురా" అంది.

ఇక నేను. ఊపిరితిత్తుల వార్డులో నర్సుని. ఊపిరాడని వాళ్ళకి మాస్కులూ, యంత్రాలూ పెట్టి గాలి అందించడం నా ఉద్యోగం. నాకు ఆ ఉద్యోగం వచ్చిన రోజు తాతయ్య షాపు ముందు కుర్చీ వేసుకుని, వచ్చేపోయే వాళ్ళందరినీ ఆపి, "మా మనవరాలు కూడా మా లైన్లోకే వచ్చింది" అని చెప్పుకున్నాడు. అంత గర్వం ఆయన ముఖంలో మళ్ళీ చూడలేదు.

ఆర్గన్ సంగతి చెప్పాలి. మా చర్చిలో పీఠం పక్కన గోడంత ఎత్తున ఉంటుంది. ముందు కూర్చుని వాయించే టీచరమ్మ అందరికీ తెలుసు. బడిలో సంగీతం చెప్పి రిటైరైన మనిషి, వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుంటుంది. ఆమె వేళ్ళకి పాట రావాలంటే వెనక గదిలో ఒకరు చెక్క మీట పట్టుకుని తిత్తిలోకి గాలి కొడుతూ ఉండాలని మాత్రం చాలామందికి తెలియదు. తాతయ్య అందరికంటే ముందు పక్క తలుపులోంచి లోపలికి వెళ్ళేవాడు, అందరూ లేచాక అదే తలుపులోంచి చొక్కా తడిసిపోయి బయటికొచ్చేవాడు. గేటు దగ్గర ఎవరైనా, "ఏం తాతా, ఈ వారం ఆరాధనకి రాలేదే?" అని అడిగితే, "వచ్చానండీ, మీకంటే ముందే వచ్చాను" అనేవాడు. అంతకుమించి చెప్పుకునేవాడు కాదు. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

తర్వాత ఆయనకి దగ్గు పట్టుకుంది. చర్చి పెద్దలు కలిసి ఆర్గన్‌కి కరెంటు మోటారు పెట్టించారు. తాతయ్య మొట్టమొదటిసారి అమ్మమ్మ పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో ఆయనకి తెలియదు పాపం. అన్నేళ్ళూ గోడ అవతలే గడిపాడు కదా. పాట మొదలవగానే చేతులు వాటంతటవే మోకాళ్ళ మీద పైకీ కిందికీ ఆడేవి. "పక్కన కూర్చోబెట్టుకుంటే ఇక్కడ కూడా పంపు కొడుతున్నాడు" అని అమ్మమ్మ నాతో గొణిగింది. కానీ ఆ చేతుల్ని ఆపలేదు.

దగ్గు ముదిరాక ఆయన్ని నా వార్డుకే తీసుకొచ్చారు. కిటికీ పక్క మంచం ఇప్పించాను. మాస్కు పెట్టి గాలి ఒత్తిడి సరిచేస్తుంటే, దాన్ని వేలితో కాస్త పైకెత్తి, "ఎంత కొడుతున్నావు? ముసలి ట్యూబు అమ్మలూ, మెల్లిగా కొట్టు" అన్నాడు. పక్క మంచం మీద పేషెంటు నవ్వలేక నవ్వాడు.

ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. "భయంగా ఉందా తాతయ్యా?"

ఆయన ఆలోచించి చెప్పాడు. రెండు మాటలకోసారి ఆగుతూ చెప్పాడు. "పొద్దున్నే కళ్ళు తెరవకముందే ఊపిరి ఆడుతూ ఉంటుంది. అందులో నా గొప్పేముంది? ఎవరో కొడుతున్నారు, నేను నిండుతున్నాను. ఇన్నాళ్ళు కొట్టినాయనకి రేపు నన్నేం చెయ్యాలో తెలియదా?"

నేను తల ఊపి దుప్పటి సర్దాను. నిజం చెప్పాలంటే ఆ మాటలు నాలో ఎక్కడా ఆనలేదు. ఆదివారం అందరితో కలిసి, చనిపోయినవాళ్ళు లేస్తారని నమ్ముతున్నాం అని గట్టిగానే చెప్పేదాన్ని. సోమవారం వార్డులో ఎవరో ఒకరి ఊపిరి ఆగేది, నేను మాస్కు తీసి కడగడానికి పంపేదాన్ని, ఆ మంచం మీదికి ఇంకొకరు వచ్చేవారు. ఆ రెండు రోజుల్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకోవడం నేనెప్పుడో మానేశాను.

తాతయ్య ఒక ఉదయం పోయాడు. కిటికీలోంచి ఎండ దుప్పటి మీదికి వచ్చింది. నేను ఆయన మణికట్టు పట్టుకుని కూర్చున్నాను. ఊపిరి బయటికి వచ్చింది. లోపలికి వెళ్ళాల్సింది వెళ్ళలేదు. నేను ఎదురుచూస్తూ ఉండిపోయాను. ఇలా ఎదురుచూడటం నా ఉద్యోగంలో మామూలే, కానీ ఈసారి చిన్నపిల్లలా ఎదురుచూశాను. మంచం ఉంది, ఎండ ఉంది, ఆయన వేళ్ళ సందుల్లో రబ్బరు నలుపు కూడా అలాగే ఉంది. ఆయన మాత్రం లేడు. అంత పెద్ద విషయం అంత చప్పుడు లేకుండా జరిగిపోవడం ఎన్నిసార్లు చూసినా నాకు నమ్మబుద్ధి కాదు.

ఆ సాయంత్రానికి ఇల్లంతా జనం. ముందు గదిలో బల్ల మీద పెట్టె, పెట్టెలో తెల్ల చొక్కాతో తాతయ్య. తలవైపు అమ్మమ్మ కుర్చీలో కూర్చుంది. వచ్చినవాళ్ళు ఆమె చెయ్యి పట్టుకుని, ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయాడమ్మా అన్నారు, మంచి చోట ఉన్నాడమ్మా అన్నారు, ఏడవకూడదమ్మా అన్నారు. ఆమె అసలు ఏడవడం లేదు. ఒక్కొక్కరికీ తల ఊపి పంపించేసింది. పాస్టరుగారు చక్కగా ప్రార్థన చేశారు. దానికీ తల ఊపింది.

పెట్టె చేసిన వడ్రంగి మూత పట్టుకుని దగ్గరకొచ్చాడు. ఈ రాత్రికి బిగించేస్తే పొద్దున మోయడానికి సులువని అతని ఉద్దేశం. అమ్మమ్మ పెట్టె అంచు మీద అరచెయ్యి ఆనించింది.

"ఇప్పుడే వద్దు నాయనా. అమ్మాయిని పిలువు."

అమ్మాయి అంటే నేనే. వెళ్ళి పక్కన నిలబడ్డాను. 

"ఆయన పోయేటప్పుడు పక్కన ఉన్నదానివి నువ్వు," అంది. "చెయ్యి కూడా నువ్వే పట్టుకున్నావు. ఇలాంటివి ఎన్నో చూశావు. వీళ్ళందరూ చూడనిదాని గురించి చెప్తున్నారు. నువ్వు చూసి చెప్పు. ఆయన అయిపోయాడా, ఉన్నాడా?"

"ఉన్నాడమ్మమ్మా. ప్రభువు దగ్గర ఉన్నాడు."

ఆమె నా ముఖంలోకి చూసింది. మార్కెట్లో పుచ్చుల కోసం వంకాయని తిప్పి చూసే చూపు అది.

"అది పాస్టరుగారి మాట. నీ మాట చెప్పు."

ఏ మాట ఎత్తుకున్నా, ఆ ఎండ పడిన దుప్పటే కళ్ళ ముందుకొస్తోంది.

"నాకు నమ్మకం లేదనుకోకు," అంది అమ్మమ్మ కాస్త మెత్తబడి. "నమ్మకం ఉంది. ఆయన కంటే ముందు నుంచీ ఉంది. కానీ రేపు ఆయన్ని మట్టిలో పెట్టేటప్పుడు చేత్తో పట్టుకోవడానికి ఒక మాట కావాలి. అది చేతికి బరువు తెలియాలి. నువ్వు అబద్ధం చెప్పకు. నిజం దొరికాకే చెప్పు. అప్పటిదాకా ఈ మూత వెయ్యనివ్వను."

వడ్రంగి మూతని గోడకి చేరవేసి వెళ్ళిపోయాడు. ఆమె మాట మీద మాట మాట్లాడే దమ్ము మా ఇంట్లో ఎవరికీ లేదు. మావయ్య నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, "ఏదో ఒకటి చెప్పి ఒప్పించొచ్చుగా" అన్నాడు. "నువ్వు చెప్పు, ఒప్పుకుంటుందేమో చూద్దాం" అన్నాను.

మర్నాడు ఉదయం పెట్టెని చర్చికి తీసుకెళ్ళాం, మూతని వేరేగా మోసుకుంటూ. దారిలో జనం విచిత్రంగా చూశారు. పీఠం ముందు పెట్టెని దించాక అమ్మమ్మ మొదటి బెంచీ చివర కూర్చుని, మళ్ళీ అంచు మీద చెయ్యి వేసింది. ఆరాధనకి ఇంకా సమయం ఉంది. పాస్టరుగారు అటూ ఇటూ తిరిగి, గొంతు సవరించుకుని, ఏదో అనబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నారు.

అప్పుడే ఆమె రెండో షరతు పెట్టింది. "ఈరోజు ఆ మోటారు వెయ్యొద్దు. ఆయన పాటకి కరెంటు గాలి నాకొద్దు. ఎవరైనా చేత్తో కొట్టండి."

మావయ్య నడుం పట్టుకుని కిందికి చూశాడు. నేను కొడతానన్నాను. తాతయ్య మీద ప్రేమతో అన్నానని అందరూ అనుకున్నారు. కొంత నిజమే. మిగతాది అమ్మమ్మ చూపు తప్పించుకోవడానికి.

పక్క తలుపు ఎంత ఇరుకంటే మనిషి పక్కకి తిరిగి లోపలికి వెళ్ళాలి. వెళ్ళి తల ఎత్తి చూసి, అలాగే నిలబడిపోయాను. చిన్నప్పటి నుంచీ నేను చూసింది ఆర్గన్ ముఖం మాత్రమే. లోపల చూస్తే అడవి నిలబడి ఉంది. పెన్సిలంత సన్నవి, చెయ్యంత లావువి, ఒక మనిషి లోపల దాక్కోగలిగినంత పెద్దవి, వందల గొట్టాలు కప్పు దాకా లేచి ఉన్నాయి. పైనున్న చిన్న గాజు కిటికీలోంచి వెలుగు వాటి అంచుల మీద పడుతోంది. ఒక్కటీ ఉలకదు, పలకదు. అన్నీ నోళ్ళు తెరుచుకుని దేనికోసమో కాచుకుని ఉన్నాయి. ప్రతి ఆదివారం ఈయన వీటి మధ్య ఒక్కడే నిలబడ్డాడా అనిపించింది. మేమేమో బెంచీల మీద కూర్చుని, పాటల పుస్తకాలు తిరగేస్తూ, చర్చి అంటే మేమున్న వైపే అనుకున్నాం.

అడుగున పెద్ద తోలు తిత్తి ఉంది, మంచమంత. దాని మీద బరువుకి ఇటుకలు పేర్చారు. తిత్తికి కట్టిన దారానికి గోడ వారగా ఒక సీసపు గుండు వేలాడుతోంది, దాని పక్కన గోడ మీద సుద్దతో గీసిన గీత. టీచరమ్మ తలుపు దగ్గరకొచ్చి చెప్పింది.

"తిత్తి నిండితే గుండు కిందికి దిగుతుంది. గాలి తగ్గేకొద్దీ పైకెళ్తుంది. గీత దాటనివ్వకు, అంతే. నువ్వు నింపాక చెక్క మీద తట్టు, నేను మొదలుపెడతాను. మీ తాత అలాగే తట్టేవాడు."

"మీరు ఆయనకి కనపడరా?"

"నేనాయనకి కనపడను, ఆయన నాకు కనపడడు. ఒకసారి సాధన చేద్దామా?"

మీట పట్టుకుని కిందికి నొక్కాను. నా బరువంతా పడితేగానీ కదల్లేదు. ఎక్కడో ఒక పెద్ద నిట్టూర్పు. తిత్తి ఇటుకలతో సహా కొంచెం లేచింది. మళ్ళీ నొక్కాను. ఇంకొంచెం లేచింది. గుండు గీత కిందికి దిగింది. చెక్క మీద తట్టాను.

పాట మొదలైంది. అందరికీ తెలిసిన పాటే, సమాధుల దగ్గర పాడేదే. కానీ అక్కడ నిలబడి వినడం వేరు. చెవులతో వినేది కాదది, కాళ్ళ కింది చెక్కలోంచి ఎక్కి, పక్కటెముకల్లో తిరిగి, పళ్ళ దాకా వచ్చింది. నేను కొట్టిన గాలే, పిచ్చిగాలి, చెమట వాసన కొట్టే గాలి, ఆ గొట్టాల్లోకి వెళ్ళి ఇదా అయ్యింది అనుకున్నాను. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. మీట ఆపకుండా నొక్కుతూనే ఉన్నాను.

అప్పుడు చెయ్యకూడని పొరపాటు చేశాను. గుండుని చూడమంటే తిత్తిని చూశాను.

అది లేస్తోంది, దిగుతోంది. నా వార్డులో రోజూ నేను చూసే ఛాతీ. లేచింది. దిగింది. మళ్ళీ దిగింది. మెల్లగా, ఇటుకల బరువుకి, లోపల ఉన్నదంతా వదిలేస్తూ దిగుతోంది. నాకు ఎండ పడిన దుప్పటి కనిపించింది. చేతులు మీట మీంచి జారిపోయాయి. వార్డులో కూర్చున్నట్టే నిలబడి, తిరిగి లేస్తుందేమో అని ఎదురుచూశాను. లేపాల్సింది నేనేనని తట్టలేదు. గుండు గీత దాటిపోయింది. పాట సన్నబడింది, వంకర పోయింది, మూలిగింది, ఆగిపోయింది.

చర్చి అంతా నిశ్శబ్దం. అయిపోయింది అనుకున్నాను. పాట గురించే కాదు, అంతా.

కానీ పూర్తి నిశ్శబ్దం కాదది. చాలా చిన్న చప్పుడు వస్తోంది. టక్, టక్ టక్, టక్. ఎక్కడిదా అని చూశాను. ముందు టీచరమ్మ వేళ్ళ కింద ఉండే మెట్ల నుంచి గోడలోంచి గొట్టాల దాకా సన్నని చెక్కబద్దలు సాగి ఉన్నాయి. టీచరమ్మ ఒక మెట్టు నొక్కితే ఒక బద్ద కదిలి, ఒక గొట్టం నోరు తెరుస్తుంది. అంతసేపూ నేను వాటిని పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ బద్దలు కదులుతున్నాయి. ఒకటి, దాని పక్కది, నాలుగు కలిసి, మళ్ళీ ఒకటి. తొట్రుపాటు లేదు, తొందర లేదు. ఆగిన చోట వెతుక్కోవడం లేదు. టీచరమ్మ వాయిస్తూనే ఉంది. చప్పుడు రాని పాట తన దారిన తాను ముందుకు పోతూనే ఉంది, ఒక్క తాళం కూడా తప్పకుండా.

ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో, మంచం పక్కన నిలబడి, ఊపిరి ఆగింది కాబట్టి అంతా ఆగిందని రాసి పంపేదాన్ని. అవతలి వైపు చూడ్డానికి నాకు ఎవరూ తలుపు తియ్యలేదు. చూపు అతుక్కుపోయినట్టు ఆ బద్దల్నే చూస్తూ ఉన్నాను. తర్వాత మీట మీద పడి, ఉన్న బలమంతా పెట్టి నొక్కాను.

తిత్తి లేచింది. అడుగునున్న పెద్ద గొట్టాలు ముందు గొణిగి, తర్వాత గొంతెత్తాయి. పాట వచ్చింది. ఆగిన చోటి నుంచి రాలేదు. ఎంత దూరం వెళ్ళిందో అక్కడి నుంచి వచ్చింది, చరణం చివరికి దగ్గరగా, నిండుగా.

అయిపోయాక తలుపులోంచి బయటికి వచ్చాను. టీచరమ్మ చెమటకి తడిసిన నా బట్టలు చూసి నవ్వింది.

"క్షమించండి టీచర్, మధ్యలో ఆపేశాను. మీరెందుకు ఆపలేదు?"

"పాట ఎత్తుకున్నాక చెయ్యి తియ్యనమ్మా. దగ్గొచ్చి మీ తాత కూడా ఒక్కోసారి ఆగేవాడు. నేను వాయిస్తూనే ఉండేదాన్ని, ఆయన తేరుకుని అందుకునేవాడు. జనం ఆ కాసేపూ గొంతెత్తి పాడేవాళ్ళు, తెలిసేది కాదు. ఆయనే ఒకసారి అన్నాడు, మీరు ఆపరని తెలుసు కాబట్టి భయం లేకుండా దగ్గుతున్నానని."

ఆమెకి అది తమాషాగా గుర్తుండి ఉంటుంది. నాకు తమాషాగా లేదు.

నేను వెళ్ళి అమ్మమ్మ పక్కన బెంచీ మీద కూర్చున్నాను. ఆమె చెయ్యి ఇంకా పెట్టె అంచు మీదే ఉంది. తాతయ్య ముఖం వైపు చూశాను. నిన్నటి నుంచి సరిగ్గా చూడలేకపోయిన ముఖం అది.

"అమ్మమ్మా, నిన్న అడిగావు కదా."

"ఊఁ."

"గాలి ఆగడం నేను చూశాను. నా కళ్ళతో చూశాను, అందులో అబద్ధం లేదు. పాట ఆగడం మాత్రం నేను చూడలేదు. ఇన్నాళ్ళూ రెండూ ఒకటే అనుకున్నాను. ఇందాక వెనక నిలబడి చూస్తే ఒకటి కాదు. గాలి నా చేతిలో ఉంది, జారిపోయింది. పాట ఆమె చేతిలో ఉంది, ఆమె ఆపలేదు. తాతయ్య నా చేతిలో ఆగిపోయాడు. ఆయన్ని వాయించేవాడి చేతిలో ఆగలేదు. ఇది పాస్టరుగారి మాట కాదు."

అమ్మమ్మ ఆ మాటని ఎత్తి చూస్తోందని తెలుస్తూనే ఉంది.

"మరి మళ్ళీ గాలి కొట్టేదెవరు?" అంది చివరికి. ఆమె అలా వదిలిపెట్టే మనిషి కాదు. "పాట ఉంటే సరిపోదు. నాకు ఆయన వినపడాలి. ఆ గొంతు, ఆ గాలి కబుర్లు, అన్నీ."

నేను తడుముకోలేదు. నాకే ఆశ్చర్యం వేసింది.

"మట్టితో మనిషిని చేసి మొదట ఊపిరి ఊదింది ఎవరో ఆయనే అమ్మమ్మా. ఒకసారి ఊదినాయనకి రెండోసారి చేతకాదా? సమాధిలోంచి తన కొడుకుని లేపినప్పుడు ఆ పని చేసి చూపించాడుగా. మనమేమో అందాకా ఏమీ వినపడక అయిపోయిందనుకుంటాం. ఆయన అందుకునేసరికి పాట ఎక్కడిదాకా వెళ్ళి ఉంటుందో."

అమ్మమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ రెండు రోజుల్లో అదే మొదటిసారి. ఆమె తుడుచుకోలేదు. వంగి, తాతయ్య నుదుటి మీద చెయ్యి పెట్టి, వేలితో ఆయన కనుబొమ్మని సరిచేసింది. రోజూ పొద్దున షాపుకి పంపేటప్పుడు కాలరు సరిచేసేది, అదే చెయ్యి, అదే శ్రద్ధ. తర్వాత పెట్టె అంచు మీంచి చెయ్యి తీసేసింది. తీసిన చేతిని చీర కొంగుకి తుడుచుకుని, ఒళ్ళో పెట్టుకుంది.

జనం రావడం మొదలైంది. బెంచీలు నిండుతున్నాయి. వడ్రంగి మూత పట్టుకుని తలుపు దగ్గర బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. పాస్టరుగారు నా వైపు చూశారు, నేను అమ్మమ్మ వైపు చూశాను.

"అతన్ని రమ్మను," అంది. "మూత వెయ్యమను. నువ్విక్కడ కూర్చున్నావేం, వెనక్కెళ్ళి గాలి కొట్టు. ఈసారి మధ్యలో ఆపకు."

నేను ఆపలేదు.